రీఫండు డబ్బు – రెండు చోట్ల సంసారం

ఏడాదిలో కట్టవలసిన దానికన్నా ఎక్కువగా కట్టిన ఆదాయపు పన్ను తిరిగి చేతికి రావడమే రీఫండు. జీతం, ఫీజు, బ్యాంకు వడ్డీ వంటివి చెల్లించేవారు ఆ చెల్లింపులోంచే కొంత కోసి ప్రభుత్వ ఖాతాలో జమచేస్తారు. దాన్నే టీడీఎస్ అంటారు. ఏడాది ముగిశాక మొత్తం ఆదాయం మీద అసలు ఎంత పన్ను పడుతుందో రిటర్న్‌లో తేలుతుంది. పడిన పన్ను కన్నా కోసిన పన్ను ఎక్కువైతే ఆ తేడా వెనక్కి వస్తుంది. కాబట్టి రీఫండు కొత్త ఆదాయం కాదు. నిరుడు కష్టపడి సంపాదించినా నిరుటి ఇంటి ఖర్చుకు అందకుండా పోయిన సొమ్ము ఈ ఏడు ఆలస్యంగా ఇల్లు చేరుతోంది. బడ్జెట్‌లో దీన్ని ఎక్కడ ఉంచాలి, ముందు దేనికి వాడాలి అన్న ప్రశ్నలకు జవాబు ఈ విషయంలోనే ఉంది.

ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. శ్యామాప్రసాద్ ముఖర్జీ పేరు పెట్టుకున్న ఈ కాలనీ గురు తేగ్ బహదూర్ నగర్ మెట్రో స్టేషనుకు దగ్గర్లో ఉంది. సివిల్ సర్వీసెస్, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకు చదివేవారికి దేశంలోని పెద్ద కేంద్రాల్లో ఇదొకటి. బత్రా సినిమా పరిసరాల్లో కోచింగ్ సెంటర్లు, పుస్తకాల దుకాణాలు, ఫొటోస్టాట్ నోట్సు అమ్మేవారు, గంటల తరబడి కూర్చుని చదువుకునే ప్రైవేటు లైబ్రరీలు కిక్కిరిసి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చే విద్యార్థులు కరోల్ బాగ్, ఓల్డ్ రాజిందర్ నగర్‌లతో పాటు ఇక్కడా గదులు తీసుకుంటారు. గది అద్దె, టిఫిన్ సర్వీసు, లైబ్రరీ సీటు, టెస్ట్ సిరీస్ ఖర్చులకు ఇంటి నుంచి వచ్చే డబ్బే చాలామందికి ఆధారం. అంటే ఒకే సంసారం రెండు చోట్ల నడుస్తుంది. ఒక పొయ్యి తెనాలిలోనో కరీంనగర్‌లోనో వెలుగుతుంది. రెండో ఖర్చు ఢిల్లీలో ఒక చిన్న గదిలో సాగుతుంది.

ఇలాంటి ఇంటికి రీఫండు రెండు దారుల్లో వస్తుంది. మొదటిది విద్యార్థి సంపాదన. ఒకటి రెండు సార్లు మెయిన్స్ రాసినవారు చదువు సాగిస్తూనే కోచింగ్ సంస్థలకు జవాబు పత్రాలు దిద్దిపెడతారు. కొత్తగా వచ్చినవారికి మెంటర్లుగా ఉంటారు, కరెంట్ అఫైర్స్ నోట్సు రాసిస్తారు. సంస్థ వీరిని ఉద్యోగులుగా చూపకుండా వృత్తిపరమైన ఫీజు కింద చెల్లిస్తే, 2025-26 ఆర్థిక సంవత్సరంలో ఆ మొత్తం 50,000 రూపాయలు దాటగానే 10 శాతం టీడీఎస్ కోయాలి. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం అవుతుంది. కోసేవారికి ఆ విద్యార్థి మొత్తం ఆదాయంతో పని లేదు. చట్టం చెప్పిన శాతం కోసి జమచేయడమే వారి బాధ్యత.

రెండో దారి ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల డిపాజిట్లు. పదవీ విరమణ సొమ్మును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచి, ఆ వడ్డీతో పిల్లల ఢిల్లీ ఖర్చు గడిపే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి, 60 ఏళ్లు నిండినవారికి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష రూపాయలు దాటితే, మిగతావారికి 50,000 దాటితే బ్యాంకు 10 శాతం కోస్తుంది. పరిమితి దాటాక కోత మొత్తం వడ్డీ మీద పడుతుంది. కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రిబేటు వల్ల మామూలు ఆదాయం మీద కట్టవలసింది సున్నా అవుతుంది. అందువల్ల పన్నే పడని ఎందరికో ఏడాదంతా పన్ను కోతపడుతోంది.

లెక్క కోసం ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. తండ్రి తెనాలిలో రిటైరైన ఉపాధ్యాయుడు. పింఛను నెలకు 40,000, డిపాజిట్ల మీద వడ్డీ ఏడాదికి 1,40,000. వడ్డీ మీద బ్యాంకు 14,000 కోసింది. పింఛను, వడ్డీ కలిపి 6,20,000. అందులో 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా మిగిలింది 5,45,000. రిబేటు తర్వాత పన్ను సున్నా. కూతురు ముఖర్జీ నగర్‌లో ఉండి పత్రాలు దిద్దినందుకు నెలకు 30,000 చొప్పున ఏడాదికి 3,60,000 సంపాదించింది. సంస్థ 36,000 కోసింది. ఆమె ఆదాయం 4 లక్షల లోపే కాబట్టి అక్కడా పన్ను సున్నా. తండ్రికి 14,000, కూతురికి 36,000, మొత్తం 50,000 రూపాయలు రీఫండుగా రావాలి. మరో విధంగా చూస్తే, ఆ ఏడాదంతా కూతురి చేతికి నెలకు 30,000 బదులు 27,000 మాత్రమే అందింది. ఆ 3,000 లోటును ఇల్లు ఎక్కడో ఒకచోట అప్పుచేసో, ఒక ఖర్చు వాయిదా వేసో పూడ్చుకుంది. రీఫండు వచ్చినప్పుడు ముందుగా గుర్తుచేసుకోవలసింది ఈ లోటునే.

డబ్బు దానంతటదే రాదు. రిటర్న్ వేయాలి. ఏడాదిలో టీడీఎస్ 25,000 గాని అంతకు మించి గాని ఉంటే, 60 ఏళ్లు నిండినవారికి 50,000 గాని అంతకు మించి గాని ఉంటే, ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోయినా రిటర్న్ తప్పనిసరి అని 2022లో నిబంధన వచ్చింది. పైన చెప్పిన కూతురు ఈ నిబంధన కిందికే వస్తుంది. రిటర్న్ వేసే ముందు ఫారం 26ఏఎస్‌లోనూ, వార్షిక సమాచార నివేదికలోనూ కోసిన పన్ను తన పాన్ మీద పడిందో లేదో చూసుకోవాలి. సంస్థ కోసి కూడా జమచేయకపోయినా, పాన్ నంబరు తప్పుగా నమోదు చేసినా ఆ మొత్తం అక్కడ కనిపించదు. అప్పుడు సంస్థ అకౌంట్స్ విభాగంతో మాట్లాడి సరిచేయించుకోవాలి. గది మారినా, సంస్థ మారినా టీడీఎస్ ధ్రువపత్రాన్ని మాత్రం అడిగి తీసుకోవడం మరువకూడదు.

రిటర్న్ వేశాక 30 రోజుల్లో ధ్రువీకరణ పూర్తి చేయాలి. ఆధార్ ఓటీపీతో ఇది నిమిషాల్లో అయిపోతుంది. ధ్రువీకరించని రిటర్న్ వేయనట్టే లెక్క. 2019 మార్చి 1 నుంచి రీఫండ్లు పాన్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతాకే నేరుగా వస్తున్నాయి. ఆ ఖాతాను ఆదాయపు పన్ను పోర్టల్‌లో ముందే సరిచూయించుకోవాలి. పాన్‌లో పేరు ఒక తీరుగా, బ్యాంకు పాస్‌బుక్కులో మరో తీరుగా ఉంటే జమ ఆగిపోతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువారు పత్రాలన్నిటిలో పేరు ఒకేలా ఉందో లేదో సరిచూసుకోవడం అవసరం. ఆధార్‌తో జతకాక పాన్ పనిచేయని స్థితిలో ఉంటే రీఫండు రాదు, ఆ కాలానికి వడ్డీ కూడా రాదు.

రిటర్న్‌లను బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం పరిశీలిస్తుంది. ధ్రువీకరణ తర్వాత మామూలుగా నాలుగైదు వారాల్లో సొమ్ము జమవుతుందని ఆదాయపు పన్ను శాఖ చెబుతుంది. కాని రిటర్న్ వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఇంకా 9 నెలల వరకు ప్రాసెస్ చేసే వ్యవధి చట్టంలో ఉంది. గడువులు కూడా మారుతుంటాయి. 2024-25 ఆదాయానికి రిటర్న్ గడువును 2025 జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు, ఆపైన 16కు పొడిగించారు. పాత పన్ను బకాయి ఏదైనా ఉంటే, ముందుగా తెలియజేసి రీఫండును దానికింద సర్దుకునే అధికారం కూడా శాఖకు ఉంది. కనుక రీఫండు ఫలానా తేదీన వస్తుందని నమ్మి ఆ నెల అద్దెకో, టెస్ట్ సిరీస్ ఫీజుకో దాన్ని ముందే కేటాయించడం ప్రమాదం. ఖాతాలో పడిన తర్వాతే బడ్జెట్‌లో చేర్చాలి.

ఆలస్యానికి కొంత పరిహారం ఉంది. గడువులోగా రిటర్న్ వేసినవారి టీడీఎస్ రీఫండుపై 1961 చట్టం 244ఎ సెక్షన్ ప్రకారం ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం చొప్పున వడ్డీ వస్తుంది. 50,000 సెప్టెంబరులో జమైతే ఆరు నెలలకు వడ్డీ 1,500 రూపాయలు. గడువు దాటాక రిటర్న్ వేస్తే, వేసిన తేదీ నుంచే వడ్డీ మొదలవుతుంది. రీఫండు మొత్తం తేలిన పన్నులో 10 శాతం కన్నా తక్కువైతే వడ్డీ ఉండదు. రీఫండు అసలు మీద పన్ను లేదు గాని, ఈ వడ్డీ మాత్రం ఆ ఏటి ఆదాయంలో చేరుతుంది. తర్వాతి రిటర్న్‌లో దాన్ని చూపాలి.

డబ్బు ఖాతాలో పడ్డాక మొదటి సవాలు మనసు నుంచే వస్తుంది. నెలనెలా వచ్చే జీతాన్ని ఆచితూచి ఖర్చుపెట్టేవారు ఒక్కసారిగా వచ్చిన మొత్తాన్ని ధారాళంగా ఖర్చుపెడతారు. మనుషులు డబ్బును మనసులో వేర్వేరు ఖాతాలుగా విడగొట్టుకుంటారని అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1985లో రాసిన పత్రంలో వివరించారు. ఈ రంగంలో చేసిన కృషికి ఆయనకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. 2001లో అమెరికా ప్రభుత్వం పన్ను రిబేటు చెక్కులు పంపినప్పుడు, చెక్కు వచ్చిన మూడు నెలల్లోనే కుటుంబాలు అందులో 20 నుంచి 40 శాతాన్ని రోజువారీ వాడకపు వస్తువులు, సేవల మీద వెచ్చించాయని 2006లో వెలువడిన పరిశోధన తేల్చింది. చేతిలో నిల్వ తక్కువగా ఉన్న ఇళ్లలో ఆ ఖర్చు ఇంకా ఎక్కువ. వారిలో చాలామందికి అది దుబారా కాకపోవచ్చు, ఆగిపోయిన అవసరాలే తీరి ఉండవచ్చు. అయినా ముందుగా నిర్ణయం లేకపోతే, అత్యవసరమైనదీ అంత అవసరం లేనిదీ కలగలిసి ఖర్చైపోతాయి.

అందుకని రీఫండు రాకముందే ఇంటిల్లిపాదీ ఒక మాట అనుకోవాలి. రెండు చోట్ల నడిచే సంసారంలో ఇది మరీ ముఖ్యం. తండ్రి రీఫండు తండ్రి ఖాతాలో, కూతురి రీఫండు కూతురి ఖాతాలో పడతాయి. ఒకరికి తెలియకుండా ఒకరు ఖర్చుపెట్టుకుంటే రెండు చిన్న మొత్తాలుగా కరిగిపోతాయి. ఊళ్లో ఉన్న అప్పుల సంగతి ఢిల్లీలో చదివే బిడ్డకు చాలాసార్లు తెలియదు, చదువు పాడవుతుందని పెద్దవాళ్లు దాస్తారు. గది ఖర్చు ఎంత పెరిగిందో బిడ్డ కూడా చెప్పదు, నాన్నకు భారమవుతుందని. ఈ ప్రేమే లెక్కలను మరుగుపరుస్తుంది. ఏడాదికి ఒక్కసారైనా రెండు చోట్ల ఆదాయాలు, ఖర్చులు, అప్పులు ఒకే కాగితం మీద రాసి చూసుకోవడానికి రిటర్న్ వేసే కాలం సరైన సమయం.

ఆ కాగితం ముందు పెట్టుకున్నాక వాడకపు వరుస తేలికగా తేలుతుంది. మొదట కొద్దిపాటి అత్యవసర నిల్వ. ఆ తర్వాత ఎక్కువ వడ్డీ అప్పులు. తర్వాత నిల్వను పెంచడం. ఆపైన ఏడాదిలో తప్పక వచ్చే పెద్ద చెల్లింపులు. చివరికి దీర్ఘకాలపు పొదుపు, కొంత సంతోషపు ఖర్చు. అప్పు కన్నా ముందు నిల్వ ఎందుకంటే, ఉన్నదంతా అప్పుకే కట్టేస్తే వచ్చే నెల జ్వరానికో, అర్ధాంతరంగా ఊరికి వెళ్లే రైలు టికెట్టుకో మళ్లీ అప్పు చేయాలి. ఒక నెల అద్దె, తిండి ఖర్చుకు సరిపడా సొమ్ము విడిగా ఉంటే ఆ చక్రం ఆగుతుంది.

అప్పుల్లో ముందు తీర్చవలసింది వడ్డీ ఎక్కువ ఉన్నదాన్నే. ఊళ్లో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36 శాతం. క్రెడిట్ కార్డు బకాయి పూర్తిగా కట్టకుండా వదిలితే పడే వడ్డీ కూడా సాధారణంగా నెలకు 3 శాతం ప్రాంతంలోనో అంతకు మించో ఉంటుంది. 15,000 రూపాయల చేబదులును రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే ఏడాదికి 3,600 వడ్డీ పోతుంది. అదే 15,000 బ్యాంకులో 7 శాతానికి వేస్తే వచ్చేది 1,050. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే, అప్పు ఉంచుకుని డిపాజిట్ చేయడంలోని నష్టం అర్థమవుతుంది. బంగారం తాకట్టులో ఉంటే దాని వడ్డీ రేటు, గడువు చూసుకోవాలి. గడువు దాటితే వేలం భయం ఉంటుంది గనుక, చిన్న అప్పైనా దాన్ని ముందుకు జరపవలసి రావచ్చు. విద్యా రుణం వడ్డీ వీటికన్నా సాధారణంగా తక్కువ. అసలు వాయిదాలు ఇంకా మొదలుకాకపోతే దాన్ని వరుసలో వెనక్కి ఉంచవచ్చు. చిట్టీ పాడుకున్నవారికి మిగిలిన వాయిదాలు కూడా అప్పుతో సమానమే. అవి తప్పకుండా లెక్కలోకి రావాలి.

ముఖర్జీ నగర్‌లో ఉండేవారికి నిల్వ ఎంత అవసరమో గత కొన్నేళ్ల అనుభవమే చెబుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే విద్యార్థులు సామాను గదుల్లోనే వదిలి ఊళ్లకు వెళ్లారు. ఉండని గదులకూ అద్దె అడిగిన ఓనర్లతో వివాదాలు వచ్చాయి. 2023 జూన్ 15న ముఖర్జీ నగర్‌లో కోచింగ్ క్లాసులు నడిచే భవనంలో మంటలు రేగితే విద్యార్థులు కిటికీల్లోంచి తాళ్లు పట్టుకుని దిగారు. 2024 జూలై 27న ఓల్డ్ రాజిందర్ నగర్‌లో బేస్‌మెంట్ లైబ్రరీలోకి వరద నీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ తర్వాత నగరపాలక సంస్థ నిబంధనలకు విరుద్ధంగా నడుస్తున్న బేస్‌మెంట్లను మూయించింది. ఆ చర్యలు ముఖర్జీ నగర్‌కూ వచ్చాయి. భద్రత లేని చోటును ఆ క్షణమే వదిలి మరో గదికి, మరో లైబ్రరీకి మారగలిగే శక్తి విద్యార్థికి ఉండాలి. బ్రోకరు కమీషను, కొత్త సెక్యూరిటీ డిపాజిట్, ముందస్తు అద్దె ఒకేసారి కట్టాలి. చేతిలో ఆ సొమ్ము లేక ప్రమాదకరమైన చోటే చదువుతూ ఉండిపోవడం ఏ బిడ్డకూ రాకూడని పరిస్థితి. రీఫండులోంచి పక్కన పెట్టిన నిల్వకు ఇంతకన్నా గొప్ప ఉపయోగం లేదు.

ఈ నిల్వను వెంటనే తీసుకోగలిగే చోట ఉంచాలి. పొదుపు ఖాతా, లేదా ఎప్పుడైనా విరగ్గొట్టగల చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ సరిపోతుంది. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కో బ్యాంకులో ఒక్కో వ్యక్తికి 5 లక్షల వరకు బీమా రక్షణ 2020 ఫిబ్రవరి నుంచి ఉంది. రోజూ యూపీఐ చెల్లింపులు జరిగే ఖాతాలో మాత్రం నిల్వను ఉంచకూడదు. టీ నుంచి జిరాక్సు దాకా అన్నీ అదే ఖాతాలోంచి పోతుంటే నిల్వ ఎప్పుడు తరిగిందో తెలియదు. షేర్లలోనూ, ఏళ్ల తరబడి తీయడానికి వీలులేని పథకాల్లోనూ ఈ భాగాన్ని పెట్టకూడదు.

తర్వాతవి ఏడాదిలో ఖాయంగా వచ్చే చెల్లింపులు. పదకొండు నెలల అద్దె ఒప్పందం ముగిసినప్పుడు అద్దె పెరుగుతుంది. 9,000 అద్దె 10 శాతం పెరిగితే నెలకు 900, ఏడాదికి 10,800 అదనం. ప్రిలిమ్స్ గట్టెక్కితే మెయిన్స్ టెస్ట్ సిరీస్ ఫీజు వస్తుంది. ఢిల్లీ చలికి రజాయి, వేసవికి కూలరు కావాలి. ఊళ్లో ఇంటి పన్ను, ఆరోగ్య బీమా ప్రీమియం ఉంటాయి. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియాల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు గనుక, ఇంతవరకు పాలసీ తీసుకోని కుటుంబం ఇప్పుడు ఆలోచించడం మేలు. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా వంటి ప్రధానమంత్రి పథకాలు బ్యాంకు ఖాతా ద్వారానే దొరుకుతాయి. సంపాదించే వ్యక్తికి ఇవి కనీస రక్షణ.

పైన ఊహించిన కుటుంబానికి ఈ వరుసను వర్తింపజేస్తే లెక్క ఇలా వస్తుంది. వడ్డీతో కలిపి చేతికి వచ్చింది 51,500. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 15,000 చేబదులు తీరిపోతుంది. ఢిల్లీ గది ఖర్చు నెలకు 18,000 అనుకుంటే, నిల్వకు 21,500 వేస్తే ఒక నెలకు పైగా ధీమా ఉంటుంది. అద్దె పెంపు, బీమా ప్రీమియం వంటి వాటికి 10,000. మిగిలిన 5,000 పుస్తకాలకో, పండక్కి ఊరెళ్లే టికెట్టుకో, అమ్మకు ఒక చీరకో వాడుకోవచ్చు. సంతోషానికి కొంత కేటాయించడం తప్పు కాదు. ఆ వాటా ఎంతో ముందే అనుకుంటే మిగతా వాటాలు నిలబడతాయి. అప్పులు లేని, మూడు నాలుగు నెలల నిల్వ అప్పటికే ఉన్న కుటుంబం ఇదే సొమ్మును 15 ఏళ్ల పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్‌లోనో, ఇంట్లో పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతాలోనో వేయవచ్చు.

పెద్ద మొత్తం చేతిలో ఉన్నప్పుడు కొన్ని ఆకర్షణలకు దూరంగా ఉండాలి. మొదటిది ఏడాది రెండేళ్ల కోచింగ్ ఫీజు డిస్కౌంటు కోసం ఒకేసారి కట్టేయడం. 2025 జనవరిలో ఢిల్లీ పరిసరాల్లో ఒక పెద్ద కోచింగ్ సంస్థ కేంద్రాలు ఉన్నట్టుండి మూతపడి, ముందే ఫీజు కట్టిన తల్లిదండ్రులు పోలీసులను ఆశ్రయించవలసి వచ్చింది. వాయిదాల్లో కట్టే వీలుంటే అదే క్షేమం. విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజును 10 రోజుల్లో వెనక్కి ఇవ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. హాస్టలు, మెస్ ఫీజులకూ ఇదే వర్తిస్తుంది. సంస్థ నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. రెండో ఆకర్షణ, రీఫండును డౌన్ పేమెంటుగా పెట్టి ఫోనో లాప్‌టాప్‌నో వాయిదాల మీద కొనడం. రీఫండు ఒక్కసారి వస్తుంది, వాయిదా నెలనెలా వస్తుంది. నెల ఆదాయం మోయలేని బరువును రీఫండు భరోసాతో నెత్తికెత్తుకోకూడదు.

మోసాల విషయంలోనూ జాగ్రత్త కావాలి. రీఫండు మంజూరైంది, ఈ లింకు నొక్కి ఖాతా వివరాలు ఇవ్వండి అంటూ సందేశాలు వస్తుంటాయి. ముందే సరిచూసిన ఖాతాకే సొమ్ము వస్తుంది గనుక, శాఖ ఎవరినీ ఓటీపీ, కార్డు నంబరు, పిన్ అడగదు. రీఫండు స్థితిని అధికారిక పోర్టల్‌లోకి వెళ్లి చూసుకోవాలి. కట్టని అద్దె, ఇవ్వని విరాళం, లేని బీమా చూపి రీఫండు పెంచుతామనే ఏజెంట్లది ఇంకో రకం ప్రమాదం. ఇలాంటి తప్పుడు క్లెయిములపై ఆదాయపు పన్ను శాఖ 2025 జూలైలో దేశవ్యాప్తంగా తనిఖీలు జరిపింది. ఆదాయాన్ని తప్పుగా చూపినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు జరిమానా పడవచ్చు. ఏజెంటు తన కమీషను తీసుకుని తప్పుకుంటాడు, బాధ్యత రిటర్న్ వేసినవారి మీదే మిగులుతుంది. రేపు ప్రభుత్వ అధికారి కావాలని చదువుతున్న యువతీ యువకులకు తమ మొదటి రిటర్న్‌ను నిజాయితీగా వేయడం ఆ వృత్తికి తొలి సన్నాహం.

చివరగా, రీఫండు ఎంత పెద్దదైతే అంత మంచిదనే అభిప్రాయాన్ని సరిదిద్దుకోవాలి. నెలకు 3,000 చొప్పున కోతపడుతూ, నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పుచేస్తూ, ఏడాది చివర నెలకు అర శాతం వడ్డీతో ఆ సొమ్ము వెనక్కి తెచ్చుకోవడంలో కుటుంబానికి లాభం లేదు. కోతనే తగ్గించుకునే దారులున్నాయి. పన్ను పడని డిపాజిట్‌దారులు 15జి, 15హెచ్ పేర్లతో అలవాటైన స్వీయ ప్రకటనను ఆర్థిక సంవత్సరం మొదట్లోనే బ్యాంకుకు ఇస్తే వడ్డీ మీద కోత ఉండదు. ప్రకటన ఇచ్చే ముందు ఆ ఏటి మొత్తం ఆదాయం మీద పన్ను నిజంగా సున్నాయేనని సరిచూసుకోవాలి. వృత్తి ఫీజులకు ఈ ప్రకటన పనికిరాదు. అక్కడ ఆదాయపు పన్ను అధికారికి దరఖాస్తు చేసి, తక్కువ శాతం కోయాలనో అసలు కోయవద్దనో ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు. జీతం మీద కోతపడేవారు ఏ పన్ను విధానంలో ఉంటారో యజమానికి ఏడాది మొదట్లోనే చెప్పాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం–2025 అమల్లోకి వచ్చినందువల్ల ఫారాల పేర్లు, సెక్షన్ల నంబర్లు మారాయి. దరఖాస్తు చేసేటప్పుడు కొత్త ఫారం ఏదో పోర్టల్‌లోనో బ్యాంకులోనో కనుక్కోవాలి.

ఇలా కోత తగ్గితే తెనాలి కుటుంబానికి వచ్చే ఏడాది 50,000 ఒకేసారి రాదు. దాని బదులు నెలకు 4,000కు పైగా ఇంటి ఆదాయంలోనే నిలుస్తుంది. చేబదుళ్ల అవసరం తగ్గుతుంది. ఆ మొత్తంలో కొంతైనా నెలనెలా నిల్వ ఖాతాకు వెళ్లేలా బ్యాంకుకు ముందే ఆదేశం ఇచ్చుకుంటే, రీఫండు ఒక్కసారి చేసిన పని క్రమంగా జరిగిపోతుంది. ఈ ఏడు వచ్చిన రీఫండుతో పాత లోటు పూడ్చుకోవడం, వచ్చే ఏడు ఆ లోటే పడకుండా కోతను సరిచేసుకోవడం, ఈ రెండూ కలిసినప్పుడే ఊళ్లో ఇల్లూ ఢిల్లీలో గదీ ఒకే బడ్జెట్ కింద నిలదొక్కుకుంటాయి.